టాటర్సాల్ గారి జేగంట

థెల్మా క్రాంక్‌షా కిటికీ తెర పక్కకి జరిపి ఎదురింటి వైపు చూడని రోజంటూ లేదు. ఎదురింటి బోర్డు దింపేసి నెలలు గడిచాయి. అయినా అలవాటు పోలేదు.

మోర్‌కామ్ సముద్రపు ఒడ్డున ఆ వీధి వీధంతా ఒకప్పుడు రాత్రికి పడకా, పొద్దున టిఫినూ ఇచ్చే ఇళ్ళే. జులైలో బర్న్‌లీ ఊళ్ళో బట్టల మిల్లులన్నీ సెలవులకి ఒక్కసారే మూసేవారు. మూసీ మూయగానే ఊరు ఊరంతా పెట్టెలు సర్దుకుని రైలెక్కి ఇక్కడ దిగేది. ఇప్పుడు కుర్రకారు విమానమెక్కి స్పెయిన్ పోతున్నారు, ఎర్రగా కాలి ఇంటికొస్తున్నారు. దాంతో మూల మీది ఇల్లు మూతపడింది, దాని పక్కదీ మూతపడింది. చివరికి ఎదురింటి వినిఫ్రెడ్ టాటర్సాల్ కూడా తుంటి నొప్పి తట్టుకోలేక చాలించేసింది. పోటీ అంతా పోయాక థెల్మా పంట పండాలి కదా? పండలేదు. నాలుగు గదుల్లో మూడు ఖాళీ. ఈ వేసవి కూడా ఇలాగే పోతే ఇల్లు అమ్ముకుని, ఓల్డమ్‌లో చెల్లెలి ఇంట్లో ఇస్త్రీ బల్ల పక్కన మంచం వేసుకోవాలి. చెల్లెలు రమ్మనే అంది. అయితే ఎంత నీరసంగా అందో థెల్మా చెవులారా విన్నది.

ఇక మిగిలిన ఆశల్లా వినిఫ్రెడ్ దగ్గరికి వచ్చే జనమే. వాళ్ళు మామూలు జనం కారు. ఏటా అదే వారం, అదే గది, అదే కుర్చీ. వెళ్ళే రోజు గుమ్మంలో టోపీ తీసి "వచ్చే ఏడూ ఇదే వారం" అని ఒక మాట అనేసి పోతారు. మోర్‌కామ్‌లో ఆ మాటకి తిరుగులేదు. అది చెవిన పడితేనే ఇంటావిడకి చలికాలమంతా కంటికి కునుకు.

అడగందే అమ్మైనా పెట్టదు. వసంతం రాగానే థెల్మా బస్సెక్కి బర్న్‌లీ సంతకి పోయింది. బోటీ అమ్మే దుకాణం ముందు వరసలో నిలబడి, ఎవరితోనూ కానట్టు, "పాపం, మోర్‌కామ్‌లో టాటర్సాల్ గారు మూసేశారట కదా! సరిగ్గా ఎదురింట్లో గదులున్నాయని విన్నాను. అదే సముద్రం, అదే గాలి" అంది. ఆ ఎదురిల్లు తనదేనని మాత్రం చెప్పలేదు. బోటీ దుకాణంలో పడ్డ మాట సాయంత్రానికల్లా ఊరు చుట్టేస్తుంది. ఈస్టర్ దాటేసరికి జులైకి మూడు గదులూ మాట్లాడేసుకున్నారు.

జులైలో ఆ శనివారం అంతా దిగారు. ముసలి నేతగాడు ఎర్నెస్ట్ క్లెగ్, ఆయన భార్య ఐవీ, పెళ్ళి మాట తలపెట్టని ఎంట్విజిల్ అక్కచెల్లెళ్ళు, ఒక హోల్డెన్ దంపతులు. దిగినవాళ్ళు దిగినట్టే తల వంచుకుని, ఎదురింటి వైపు కన్నెత్తి చూడకుండా, వానలో పరిగెత్తేవాళ్ళలా థెల్మా ఇంట్లోకి దూరారు. వానా లేదు, గీనా లేదు. ఎదురింటి తెర కొంచెం కదిలింది.

"మా ఇంట్లో కట్టుబాట్లేం లేవండీ" అంది థెల్మా, ఎదురింటావిడ కట్టుబాట్లు ఊరందరికీ తెలిసినవే కాబట్టి. "పొద్దున ఎప్పుడు దిగినా సరే, వేడివేడిగా పెడతాను."

"అలాగా" అన్నాడు క్లెగ్. అని భార్య మొహం చూశాడు.

ఇల్లు అలకగానే పండగ కాదని మర్నాడు తెలిసింది. పంది మాంసం ముక్కలు చిటపటలాడుతున్నాయి, గుడ్లు వేగాయి, రొట్టె ముక్కలు వెన్నలో ఎర్రబడ్డాయి. ఒక్కరూ దిగలేదు. పైన అడుగులు వినబడుతున్నాయి, మంచాలు కిర్రుమంటున్నాయి. గుడ్లు చల్లారి రబ్బరు ముక్కలయ్యాయి. థెల్మా తల ప్రాణం తోకకొచ్చింది. పైకెళ్ళి చూస్తే క్లెగ్ దంపతుల తలుపు ఓరగా తీసి ఉంది. మొగుడూ పెళ్ళాలు మంచం మీద పక్కపక్కన కూర్చుని ఉన్నారు. ఆయన టై కట్టుకుని, తల తడిపి దువ్వుకుని. ఆవిడ ఒళ్ళో చేతిసంచీ పెట్టుకుని.

"అయ్యో, ఒంట్లో బాగాలేదా అండీ?"

"రాయిలా ఉన్నాం తల్లీ" అంది ఐవీ. "మీరు ఇంకా పిలవలేదని…"

"ఎప్పుడైనా దిగండి అన్నాను కదా!"

"అన్నారు. మర్యాదకి అన్నారనుకున్నాం" అన్నాడు క్లెగ్. "పిలుపు లేకుండా దిగితే తిండికి ఎగబడ్డట్టు ఉండదూ? మిల్లులో సైరన్ కూస్తేనే కదులుతాం. టాటర్సాల్ గారింట్లో జేగంట మోగేది. ఆ మోత వింటేనే కడుపులో ఆకలి లేచేది."

అంతేనా అనుకుంది థెల్మా. సోమవారం పొద్దున పెనం పట్టుకుని మెట్ల కింద నిలబడి గరిటెతో వాయించింది. ఎంట్విజిల్ అక్కచెల్లెళ్ళు రాత్రి గౌన్ల మీద కోట్లు వేసుకుని, ఇల్లు అంటుకుందనుకుని నేరుగా వీధిలోకి పరిగెత్తారు. వాళ్ళని వెనక్కి తెచ్చేసరికి గుడ్లు మళ్ళీ రబ్బరు.

తిన్నారు. బాగుందన్నారు. కానీ ఆ గదిలో చెంచాల చప్పుడు తప్ప మాట లేదు. బయటికి వెళ్ళాలన్నా వీధి గుమ్మం వాడకుండా చుట్టు తిరిగి వెనక సందులోంచి పోతున్నారు. ఆ సాయంత్రం మెట్ల మీద ఐవీ గొంతు వినబడింది.

"వచ్చే ఏడు మనమూ ఆ స్పెయిన్ చూసొద్దామా, ఎర్నీ?"

థెల్మా చేతిలో పళ్ళెం తుడవడం ఆగిపోయింది. కళ్ళ ముందు ఇస్త్రీ బల్ల కనబడింది.

మంగళవారం మధ్యాహ్నం వీధి దాటింది. ఏళ్ళ తరబడి ఆ గడప తొక్కలేదు. ఒకానొక వేసవిలో పెట్టెలతో ఫుట్‌పాత్ మీద నిలబడ్డ ఒక కుటుంబాన్ని, వినిఫ్రెడ్ తలుపు తీసేలోపే, థెల్మా తన ఇంట్లోకి లాగేసింది. అప్పటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు.

తలుపు వెంటనే తెరుచుకుంది. కిటికీ దగ్గర కూర్చున్న మనిషికి ఎంతసేపు?

"ఏం కావాలి మీకు?" అంది వినిఫ్రెడ్ కర్ర మీద వాలి. ఆ "మీకు"లో ఐసుముక్కలున్నాయి.

"జేగంట. ఈ వారానికి అరువిప్పిస్తే…"

"నా జనాన్ని తీసుకున్నారు. ఇప్పుడు నా గంట. రేపు నా పళ్ళు కూడా కావాలంటారా?"

థెల్మాకి ఒళ్ళు మండింది. "ఇల్లు మూసింది మీరు! వాళ్ళు ఇసకలో పడుకోవాలా? అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినానివ్వదు!"

వినిఫ్రెడ్ చూపు థెల్మా భుజం మీదుగా ఎదురింటి వైపు పోయింది. "ఒక్కరూ వచ్చి తలుపు తట్టలేదు" అంది. "ఐవీ మోకాలికి ఎన్ని పట్టీలు వేశాను! ఎర్నెస్ట్‌కి గుడ్డు పచ్చసొన గట్టిపడితే గొంతు దిగదని నాకొక్కదానికే తెలుసు. నేను మూసేశానని వాళ్ళకి కోపం. ఉండదా మరి?"

"కోపమా! సిగ్గండీ, సిగ్గు. మిమ్మల్ని కాదని నా ఇంట్లో దిగామని, మీ మొహం చూడలేక దొంగల్లా వెనక సందులోంచి పోతున్నారు."

"సందులోంచా? ఆ మురికి కాలవ పక్క నుంచి? ఎంట్విజిల్ పెద్దామె ఆ పల్చటి గుడ్డ చెప్పులతోనే?"

"ఆ చెప్పులతోనే."

వినిఫ్రెడ్ మెడ చాచి ఎదురింటి వెనక వైపు చూసింది. థెల్మాకి జాలేసింది, తన మీద తనకి కూడా వేసింది. ఇక దాచలేదు. "వాళ్ళు మళ్ళీ వస్తామనకుండా పోతే నేను ఓల్డమ్‌ పోవాలి, వినిఫ్రెడ్. మా చెల్లెలింటికి."

"ఓల్డమా! అక్కడ సముద్రమేదీ?"

"అదే కదా నా ఏడుపు. గంటొక్కటే ఇస్తే చాలదు. నువ్వే వచ్చి కొట్టు. మెట్లెక్కక్కర్లేదు, హాల్లో నిలబడితే చాలు."

"నువ్వట, నువ్వు" అంది వినిఫ్రెడ్. కానీ తలుపు వెయ్యలేదు.

మర్నాడు పొద్దున జేగంటని గుండెకి హత్తుకుని, రెండో చేత్తో కర్ర ఊతంగా, మెల్లగా వీధి దాటింది. థెల్మా చెయ్యి అందించబోతే గుడ్లురిమింది. హాల్లో గంటని బల్ల మీద నిలబెట్టి, గుడ్డ చుట్టిన కొట్టే కర్రతో ఒక్కటిచ్చింది. ఆ మోత నెమ్మదిగా లేచి, మెట్లెక్కి, మూడు తలుపుల దాకా పోయింది. తలుపులు తెరుచుకున్నాయి. ముందు క్లెగ్ దంపతులు, వెనక అక్కచెల్లెళ్ళు, ఆ వెనక హోల్డెన్లు. టాటర్సాల్ గారింట్లో ఏళ్ళ తరబడి దిగిన వరసలోనే దిగారు. సగం మెట్ల మీద ఎర్నెస్ట్ ఆగిపోయాడు.

"టాటర్సాల్ గారూ…" అన్నాడు.

"సిగ్గు లేకపోతే సరి! కాలవ సందులోంచి పోతారా? నా గుమ్మం ఏం కరుస్తుందని?" అంది వినిఫ్రెడ్. "నడవండి, గుడ్లు చల్లారిపోతాయి."

ఐవీ ఏడ్చేసింది. తర్వాత అందరూ ఒకేసారి మాట్లాడారు. తుంటి గురించి, చచ్చిపోయిన పిల్లి గురించి, ఎవరి మనవడు ఎవరిని చేసుకున్నాడో దాని గురించి. వంటింట్లో థెల్మా ఆ నవ్వులు వింటూ నిలబడింది. తన భోజనాల గదిలో తన వల్ల పుట్టని నవ్వులవి. కుళ్ళుకోలేదంటే అబద్ధం. అయినా ఎర్నెస్ట్ గుడ్డు మాత్రం పచ్చసొన జారేటట్టు వేయించింది.

"టీ పల్చగా ఉంది, పిల్లా" అని లోపలికి కేకేసింది వినిఫ్రెడ్. యాభై దాటిన థెల్మాని పిల్లా అన్నవాళ్ళు ఈ మధ్య ఎవరూ లేరు. ఇంకో చెంచా ఆకు వేసింది.

శనివారం వచ్చింది. హాలంతా పెట్టెలు. థెల్మా రైల్లో తినడానికి శాండ్‌విచ్‌ల పొట్లాలు పట్టుకుని వెనకాల నిలబడింది. ఎర్నెస్ట్ టోపీ తీశాడు. తీసి, అలవాటు కొద్దీ, గంట పక్కన నిలబడ్డ వినిఫ్రెడ్ వైపు తిరిగాడు.

"వచ్చే ఏడూ ఇదే వారం, టాటర్సాల్ గారూ."

తన పొరపాటు తెలిసి ఆయన చెవులు ఎర్రబడ్డాయి. థెల్మా పొట్లాల వైపు చూస్తూ ఉండిపోయింది.

"నాతో ఏంటయ్యా?" అంది వినిఫ్రెడ్. "నేను గంట కొట్టేదాన్ని. ఇంటావిడ అదిగో, పొట్లాలు పట్టుకుని గుడ్లప్పగించి చూస్తోంది. ఆవిడతో చెప్పు."

ఎర్నెస్ట్ థెల్మా వైపు తిరిగి మళ్ళీ మొదట్నుంచీ చెప్పాడు. తర్వాత అక్కచెల్లెళ్ళు చెప్పారు. తర్వాత హోల్డెన్లు. థెల్మా ఒక్కొక్కరి చేతిలో ఒక్కో పొట్లం పెడుతూ తల ఊపింది.

వాళ్ళు వీధి మలుపు తిరిగాక వినిఫ్రెడ్ కూడా కోటు తొడుక్కుంది.

"నీ జేగంట మరిచిపోతున్నావు" అంది థెల్మా.

"ఈ తుంటితో దాన్నెవరు మోస్తారు? అక్కడే ఉండనీ."

ఆవిడ గుమ్మం దిగాక థెల్మా గంట దగ్గరికి వెళ్ళింది. కొంగుతో తుడిచినట్టు ఏప్రన్ అంచుతో మెరిసేదాకా తుడిచింది. ఒక్కసారి మోగించి చూద్దామని కొట్టే కర్ర కోసం వెతికింది. బల్ల మీద లేదు, బల్ల కింద లేదు. కిటికీలోంచి చూస్తే వీధి మధ్యలో వినిఫ్రెడ్ కుంటుకుంటూ పోతోంది. కోటు జేబులోంచి గుడ్డ చుట్టిన కర్ర తల బయటికి కనబడుతోంది.

థెల్మా తలుపు తీసుకుని గుమ్మంలోకి పరిగెత్తింది. "వినిఫ్రెడ్! కర్ర! కొట్టే కర్ర నీ దగ్గరే ఉండిపోయింది!"

వినిఫ్రెడ్ వెనక్కి తిరగలేదు.

"నా దగ్గరే ఉంటుంది, పిల్లా" అంది. "వచ్చే జులైలో పట్టుకొస్తాగా!"