మోచేతికి తెలిసిన వేడి

కొండమీది వేడినీటి గుండాలకు వెళ్దామని బస్సు డ్రైవరు ఒకటే ఉబలాటపడుతున్నాడు. పెళ్ళినాటి నుంచీ చేపల కంపెనీలో మంచుగడ్డల మధ్య పనిచేసిన భార్య నిన్ననే పని మానేసింది మరి.

"గుండం పక్కనే గది తీసుకుందాం. పొద్దున్నే నీళ్ళలో దిగితే మళ్ళీ అన్నానికే లేవడం. ఏమంటావ్?"

"మీ ఇష్టం."

అతనికి ఒళ్ళు మండింది. "ఊరందర్నీ తిప్పుతారు, నన్నే ఎక్కడికీ తీసుకెళ్ళరని సాధించేదానివి. తీరా వెళ్దామంటే ఆ మొహమేంటి?"

ఆమె అతని స్నానానికి తోడిన నీళ్ళలో మోచెయ్యి ముంచి చూసింది. రోజూ అంతే.

"ఇంకా ఇంట్లో చంటిపిల్లలున్నారా, మోచెయ్యి ముంచి చూడ్డానికి? చెయ్యి పెట్టి చూడొచ్చుగా!"

"చేతులకి తెలీదండీ," అందామె నెమ్మదిగా. "మంచులో పనిచేసే ఆడవాళ్ళందరం మోచేత్తోనే చూస్తాం. వేళ్ళు మొద్దుబారి ఏళ్ళైంది."

అతను ఆమె దగ్గరికి వచ్చాడు.

"వెళ్దాంలెండి. మెడదాకా మునుగుతాను, ఒంటికైనా తెలుస్తుంది," అంటూ ఆమె కిటికీ వైపు తిరిగింది.

అతను ఆమె వేళ్ళను మెల్లగా తన గుప్పిట్లోకి తీసుకున్నాడు. ఎప్పుడు ఇటు చూస్తుందా అని అలాగే నిలబడ్డాడు. ఆమె బయటికే చూస్తోంది.