ఎంగిలి పంచాయతీ

ఇట్ల రా మీనా, ఆ చేట పక్కకు పెట్టి నా దగ్గర కూసో. మన కోసికి దవడ గడ్డ లేచిన సంగతి నీకు సగమే తెలుసు. మొత్తం చెప్తా విను.

కోసి సునీల్ బిడ్డ, అయిదేండ్లది. దవడ వాస్తే పన్ను పోటు అనుకున్నం. పసుపు పెట్టినం, వేపాకు కట్టినం. గడ్డ దాని మానాన అది పెరిగింది. మన కిష్టారం నుంచి భద్రాచలం, అక్కడి నుంచి పట్నం పెద్దాసుపత్రికి తీస్కపోయినం. ముక్క తీసి చూసి లింఫోమా అన్నరు. తెల్లకణాలకు పట్టే కాన్సరట. మందుకు లొంగే రకమే, గానీ ఆలస్యం చెయ్యొద్దన్నరు.

దీని వెనుక ఒక వైరస్ ఉంటదని, అది ఎంగిలితోని వస్తదని కూడ అన్నరు. సునీల్ అక్కడి వరకే విని, తల్లీబిడ్డలను ఆసుపత్రిల ఉంచి, పైసలు, బట్టలు తెచ్చుకుందామని ఊరికి వచ్చి ఆ మాటే అందరికీ చెప్పిండు.

సునీల్ అక్క హిడ్మే. కోసి పుట్టిన ఏడాది తల్లి సుశీల మలేరియాతోని మంచం పడితే, బువ్వ నమిలి పెట్టి పిల్లను సాకింది హిడ్మేనే. ఎవరి ఎంగిలో ఇంక వెతికేదేముంది? ఊరి పెద్ద ఆయతు పంచాయతీ పెట్టిండు. హిడ్మే పిల్లను ముట్టొద్దు, ఒక పంది దండుగ కట్టాలె. మాట పూర్తి కాకముందే ఇద్దరు పోయి పందిని చూసి కట్టేసి వచ్చిన్రు. హిడ్మే లేచింది. పోయి వడ్లు దంచుకున్నది.

సునీల్ తోని ఆయతు కూడ పట్నం పోయిండు. కోసిని చూస్తున్న డాక్టరమ్మ సాక్ష్యం తీసుకోవాలన్నడు. పట్నం ఎన్నడూ చూడలేదనేది అసలు సంగతి.

అక్కడ కోసి తిండి ముట్టదు. సుశీల పెడితే మొఖం తిప్పుకుంటది, సునీల్ కోతిలెక్క గంతులేసినా తిప్పుకుంటది. ఒంట్లె బలం లేకపోతే సూది మందు ఎట్ల ఎక్కించాలె అని డాక్టరమ్మ అడిగింది. ఎవరి చేత తింటదో వాళ్ళను పిలిపించుమన్నది. సునీల్ నేల చూపులు చూసుకుంట, దాని మేనత్త చేత తింటది గానీ ఆమె ఎంగిలితోనే కదా ఇది వచ్చిందన్నడు.

"ఆ వైరస్ నాకూ ఉంటది, మీకూ ఉంటది," అన్నది డాక్టరమ్మ. "లోకంల దాదాపు అందరికీ ఉంటది. ఊరికే పడి ఉంటది. ఎక్కడో ఒకరికి తిరగబడతది. మలేరియా మాటిమాటికి వచ్చే చోట ఎక్కువంటరు. ఎవరి నుంచి వచ్చిందో ఎవరూ చెప్పలేరు."

ఆయతు గొంతు సవరించుకున్నడు. "మీకెవరిచ్చిన్రు?"

"మా అమ్మే కావచ్చు."

"ఆమె మీద పంచాయతీ పెట్టిన్రా?"

"లేదు. రోజూ ఫోన్ చేస్తది."

ఆయతు బయటికొచ్చి చాయ్ తాగుకుంట ఆలోచించిండు. ఈ లెక్కన ఇంటికో పంది దండుగ పడతది, అందరూ కడితే తినేదెవరు? ఊరికి ఫోన్ చేసి, పందిని విప్పుండ్రి, హిడ్మేను బస్సెక్కించుండ్రి అన్నడు.

హిడ్మే వచ్చింది. నమిలి పెట్టుడు మంచిది కాదని డాక్టరమ్మ చెప్తే తలూపి, చేతులు కడుక్కుని, బువ్వ మెత్తగ పిసికి ముద్ద చేసింది. కోసి నోరు తెరిచింది.

"అక్కా, తప్పయింది," అన్నడు సునీల్.

"పక్కకు జరుగు, పిల్లకు గాలాడతలేదు," అన్నది హిడ్మే.

సూదులు మొదలైనయి. జుట్టు పోయింది, గడ్డ కరిగింది. ఇంకా పరీక్షలకు తిప్పుతనే ఉన్నరు.

యాదుంచుకో బిడ్డా, నలుగురికి చెప్పు. దవడకు గడ్డ లేచి తగ్గకపోతే పన్నని ఇంట్లె కూసోవద్దని చెప్పు. పిల్లను సాకిన మనిషిని పిల్లకు దూరం చెయ్యొద్దని కూడ చెప్పు.