పదకొండు మంది పుట్టిన ఏండ్లు

1982 ఫిబ్రవరి 9, మంగళవారం, పగలు పదకొండు గంటల ఇరవై నిమిషాలు. పొద్దున కమ్మిన మంచు విడిపోయింది. ఆకాశంలో మబ్బు తునక లేదు. ఉత్తరం నుంచి పొడి చలిగాలి వీస్తోంది. నిజామాబాదు బస్సు దిగిన సాలోమోను ఆర్మూరు శివారులోని హన్మయ్య చేనుకు కాళ్లీడ్చుకుంటూ నడుస్తున్నాడు. అతను రైల్వేలో పట్టాల మరమ్మతు చేసే గ్యాంగుమన్. ఆ నెలతో యాభై ఎనిమిదేళ్లు నిండుతాయి కనుక కొలువు దిగాలని జేబులోని కాగితం చెబుతోంది. తల్లి చెప్పిన లెక్కన అతనికి నలభై తొమ్మిది.

మధ్యలో తొమ్మిదేళ్లు ఎక్కడ పోయాయో తెలుసుకోవడానికి నెల రోజులు ఆఫీసు చుట్టూ తిరిగాడు. చివరికి ఒక గుమాస్తా పాత బీరువా తెరిపించి కారణం చూపించాడు. నిజాం కాలపు ఉర్దూ పట్టీలో సాలోమోను పుట్టిన సంవత్సరం 1342 అని ఉంది. అది నిజాం సర్కారు లెక్కల్లో వాడిన ఫస్లీ సంవత్సరం, ఇంగ్లీషు లెక్కలో 1933. అయితే 1950లో సంస్థానాల రైళ్లూ చిన్న కంపెనీల రైళ్లూ ఒక్క పెద్ద సర్కారు రైల్వేలో కలుస్తున్నప్పుడు, పట్టీని ఇంగ్లీషులోకి ఎత్తి రాసిన చోట ఆ అంకె ముస్లింల హిజ్రీ సంవత్సరంగా లెక్కకెక్కింది. హిజ్రీ 1342 అంటే 1924.

“ఆనాడు పట్టీ దగ్గర నిలబడ్డ మనిషి బతికుంటే, ఇది ఫస్లీయేనని రాయించుకొని రా. పైకి పంపుతా” అన్నాడు గుమాస్తా.

ఆ మనిషి అప్పట్లో గ్యాంగుకు పెద్ద అయిన మేట్ హన్మయ్య. గ్యాంగులోని పదకొండు మందిలో ఉర్దూ వచ్చినవాడు అతనొక్కడే.

చేనులో పసుపు ఉడుకుతోంది. హన్మయ్య కడాయి పక్కన గొంతుక్కూర్చొని, ఒక కొమ్ము తీసి, ఉడికిందో లేదో చూడ్డానికి దానిలోకి పుల్ల గుచ్చుతున్నాడు. అతని భార్య నీలవ్వ పొయ్యిలోకి చెరకు పిప్పి ఎగదోస్తూ సాలోమోనును ముందుగా చూసింది.

“ఏందిరా, రైలు దారి తప్పిందా? ఆర్మూరుకు పట్టాలే లేవు గద.”

“పట్టాల మీదికెల్లి నన్నే దింపుతున్నరక్కా” అని సాలోమోను కాగితం తీశాడు. విషయమంతా చెప్పాడు.

హన్మయ్య ఇంకో కొమ్ము తీసి గుచ్చాడు.

“రాసియ్యరాదు? చేతికి పసుపంటిందని సిగ్గా?” అంది నీలవ్వ.

“గా దినం తెల్లకమీజు సారొకడు వచ్చిండు” అన్నాడు హన్మయ్య చివరికి. “బొంబాయి దిక్కోడో, మద్రాసు దిక్కోడో. మన ఏండ్లు ఆయనకు తెల్వవు. పట్టీ మీద వేలు వెట్టి, గిది హిజ్రీయేనా అని అడిగిండు. హా సాబ్ అన్న.”

“తెల్వక అన్నవా, మేట్ సాబ్?”

“తెలిసే అన్న. పద్దెనిమిది నిండనోళ్లను కొత్త రైల్వేల తీస్కోరని స్టేషన్ల అందరు అనుకుంటుండ్రు. గది నిజమో కాదో నాకు ఇప్పటికీ తెల్వది. నీకప్పుడు పదిహేడు. మీ నాయిన పోయి ఏడాది గాలె. ఎన్కాల ముగ్గురు చెల్లెండ్లు.”

“గడ్డం రానోనికి ఇర్వై ఆరేండ్లంటె ఆయనెట్ల నమ్మిండు?”

“తల ఎత్తితె గద సూసేది.”

నీలవ్వ నవ్వింది. సాలోమోను కూడా నవ్వబోయాడు. తొమ్మిదేళ్లూ తిరిగి చేతికి వచ్చినట్టే అనిపించింది. “అయితె గిదే రాయి. నా మంచికే చేస్తివి. తప్పు పట్ట.”

“నీ ఒక్కని గురించి ఆయన అడగలేదు, సాలోమోను. పట్టీ మొత్తానికి ఒక్కసారే అడిగిండు.”

సాలోమోను మనసులో లెక్క వేసుకున్నాడు. పట్టీలో పదకొండు పేర్లు. ఒక్కొక్కడూ తొమ్మిదేళ్లు ముందే కొలువు దిగిపోయాడు. సర్కారు రాసింది తప్పెందుకవుతుంది, చదువురాని తల్లి లెక్కే తప్పి ఉంటుందని ఒక్కొక్కడూ సర్దుకున్నాడు. ముత్తెన్న నలభై తొమ్మిదికే దిగి, పసుపు యార్డులో మూటలు మోస్తూ నడుము విరిగి, మూడేళ్ల కిందట చనిపోయాడు. సాలోమోను అందరికన్నా చిన్నవాడు కాబట్టి కాగితం అతని దగ్గరికి అందరికన్నా ఆలస్యంగా వచ్చింది.

నీలవ్వ పిప్పి ఎగదోయడం ఆపింది. “అంటే నీకు సుత పోయినయా తొమ్మిదేండ్లు?”

“పోయినయి.”

“కొలువు దిగి పదిహేడేండ్లాయె, నాకొక్క మాట చెప్పలే.”

హన్మయ్య చేతులు కడుక్కుని, సాలోమోను తెచ్చిన తెల్లకాగితం తీసుకున్నాడు. జరిగింది జరిగినట్టు ఆరు వరుసల్లో రాసి దస్కత్ చేశాడు.

“నువ్విది ఇయ్యంగనే పట్టీ అంత తెరుస్తరు. నన్ను అడుగుతరు, ఒప్పుకుంట. ఫికర్ లేదు. కాని ముందుగాల మాక్లూరుల దిగి ముత్తెన్న పెండ్లానికి చెప్పు. భాగ్యవ్వ ఇంకొకల నోట వినొద్దు.”

“ఏమని చెప్పాలె?”

“ఉన్నదే చెప్పు. నీ కొలువు నిలవెట్టెతందుకు నీ మొగని తొమ్మిదేండ్లు వోయినయని.”

సాలోమోను బస్సులో మాక్లూరుకే టికెట్ తీసుకున్నాడు. దారి పొడవునా మొదటి వాక్యం కోసం వెతికాడు. “నాకు తెల్వకుంట జరిగింది” అని మొదలుపెట్టవచ్చు, అది నిజమే. కానీ తెలియకుండా జరిగిన దాని మీదే అతను ముప్పై రెండేళ్లు తిన్నాడు, ముగ్గురు చెల్లెళ్ల పెళ్లిళ్లు చేశాడు. ఇప్పుడు తెలిశాక తన తొమ్మిదేళ్లు మాత్రం వెనక్కి అడుగుతున్నాడు. ముత్తెన్న తొమ్మిదేళ్లను ఏ ఆఫీసూ తిరిగి ఇవ్వదు. ఈ మూడింటినీ ఒకే నోటితో ఆమె ఎదుట ఎలా చెప్పాలో అతనికి తోచలేదు.

మాక్లూరులో బస్సు ఆగింది.

“నీ టికెట్ గిక్కడికే గద, పెద్దమనిషీ” అన్నాడు కండక్టరు.

“నిజామాబాదుకు కొట్టు.”

“నిద్రవోతున్నవా ఏంది?” అని కండక్టరు ఇంకో టికెట్ చింపి ఇచ్చాడు.

భాగ్యవ్వకు చెప్పకుండా కాగితం ఆఫీసులో ఇవ్వడం అతని వల్ల కాలేదు. రేపు చెబుదామనుకున్నాడు, అలా పద్దెనిమిది రేపులు గడిచాయి. నెలాఖరున గ్యాంగువాళ్లు మెడలో పూలదండ వేసి పంపారు. భార్య ఆశమ్మ అడిగితే, మేట్ సాబు తనకు ఏదీ యాదికి లేదన్నాడని చెప్పాడు.

ఆ ఏడే సాలోమోను ఆర్మూరు పసుపు యార్డులో కాపలా పనికి కుదిరి, రోజూ మాక్లూరు మీదుగా బస్సులో పోయి వస్తూ 1996 దాకా చేశాడు.