నారుకి థాంక్స్ చెప్పకూడదు

మార్చి వచ్చిందంటే మా కినెష్మ ఊళ్లో కిటికీలు మనుషులవి కావు, టమాటాలవి. బయట వోల్గా మీద మంచు ఇంకా గట్టిగానే ఉంటుంది. ఇంట్లో మాత్రం వ్యవసాయం మొదలైపోతుంది. మా అయిదంతస్తుల బిల్డింగులో ఏ తలుపు తట్టినా అంతే. కిటికీ గట్టు నిండా పెరుగు కప్పులు, సగానికి కోసిన పాల డబ్బాలు, వాటిలో దారపు పోగుల్లాంటి నారు.

అందరిదీ ఒక ఎత్తు, రెండో అంతస్తు క్లావ్దియా పెత్రోవ్నాది ఒక ఎత్తు. ఆవిడ తిథి చూడనిదే గింజ తడపదు. చంద్రుడు తగ్గే రోజుల్లో ఎవరైనా విత్తారని తెలిస్తే, వాళ్లింట్లో ఎవరో పోయినట్టు మొహం పెడుతుంది. తడిపిన గింజల్ని చిన్న గుడ్డలో మూటగట్టి, వెచ్చగా ఉంటాయని గుండెల దగ్గర దోపుకుని ఊరంతా తిరుగుతుంది. ఆస్పత్రిలో డాక్టరు ఊపిరి గట్టిగా పీల్చమంటే, "మెల్లగా పీలుస్తాను బాబూ, మొలకలు విరిగిపోతాయి" అందట.

ఆవిడ మొగుడు గెన్నాదీ ఒకప్పుడు బస్సు నడిపేవాడు. ఇప్పుడు పట్టపగలు లైటు వేసుకుని పేపరు చదువుతాడు, ఎండంతా టమాటాలే తాగేస్తాయి కాబట్టి. కిటికీ తెరవడానికి వీల్లేదు. చలికని గోడల వెంట పెట్టిన వేడినీళ్ల గొట్టాలు ఇల్లంతా ఉడకబెట్టేస్తున్నా సరే.

"చలిగాలి కొడితే నారు పోతుంది" అంటుంది ఆవిడ.

"మరి ఊపిరాడక నేను పోతే?"

"నువ్వెక్కడ పోతావ్? ముదురు మొక్కవి."

ఇక అసలు సంగతి. మా వైపు నారు ఇచ్చినవాళ్లకి థాంక్స్ చెప్పకూడదు. చెబితే మొక్క చస్తుందని నమ్మకం. ఇది అందరికీ ఉన్నదే. కానీ దాన్ని పట్టుకుని బతకడం ఎలాగో క్లావ్దియాకే తెలుసు. ఏటా మే నెలలో ఆవిడ ఇంటింటికీ వచ్చి, తనకి పనికిరాని మొక్కలు పంచుతుంది. అవి ఎలా ఉంటాయనుకున్నారు? పీలగా సాగిపోయి, జ్వరం పడి లేచినట్టు. మనం మొహమాటానికి నోరు తెరుస్తాం. నేను తెరిస్తే ఆవిడ అనేది ఇదీ.

"అయ్యో లిదా, నోర్ముయ్! థాంక్స్ అనకు, చచ్చిపోతుంది! మన మధ్య థాంక్స్ ఏమిటే? శనివారం మా తోటకి రా, బంగాళదుంపలు నాటాలి. పార మాత్రం నీదే తెచ్చుకో."

థాంక్స్ చెప్పేస్తే బాకీ తీరిపోయేది. చెప్పకూడదు కాబట్టి తీరదు. అలా మా మెట్లదారిలో ఉన్న ఇళ్లన్నీ ఆవిడకి ఏళ్ల తరబడి బాకీ. వసంతంలో నాటాం, ఆకురాలే కాలంలో తవ్వాం. నా నడుం ఆవిడ దుంపల్లోనే అరిగిపోయింది. అయిదో అంతస్తులో ఒంటరిగా ఉండే జోయా మామ్మని కూడా వదల్లేదు. ఆ ముసలావిడని బోర్లించిన బకెట్టు మీద కూర్చోబెట్టి దుంపలు ఏరించేది.

పోనీ ఇచ్చేదైనా మంచి రకమా? అదీ కాదు. క్లావ్దియా దగ్గర ఒక గులాబీ రంగు టమాటా ఉంది. వాళ్లమ్మ ఎక్కడో దూరాన ఆల్తాయి కొండల నుంచి గింజల్ని తలగుడ్డ అంచులో కుట్టుకుని తెచ్చిందట. ఆకు బంగాళదుంప ఆకులా వెడల్పుగా, కాయ రెండు చేతులా పట్టుకునేంత. దాని గింజ ఒక్కటి కూడా గడప దాటనివ్వలేదు. పుట్టినరోజు భోజనంలో ముక్కలు కోసి పెడితే కూడా, ఎవరి ప్లేటులో గింజలు మిగిలాయో చూసుకుంటూ తిరిగేది.

ఒక ఏడాది తెగులొచ్చి ఆ గులాబీ కాయలు పండకముందే నల్లబడ్డాయి. అడుగున మిగిలిన పాత గింజలన్నీ మరుసటేడు విత్తేసింది. ఇవి బతికితే రకం బతుకుతుంది, లేకపోతే అమ్మతో పాటు పోయినట్టే. ఆ సంగతి మెట్ల మీద కనిపించిన ప్రతివాళ్లకీ చెప్పింది, పిల్లితో సహా.

ఏప్రిల్లో చెల్లెలు కాలు విరిగితే ఆవిడ యారొస్లావ్ల్ వెళ్లాల్సొచ్చింది. గెన్నాదీకి అప్పగింతలు చెప్పడం నాలుగో అంతస్తులో నాకు వినిపించింది. ఎప్పుడు నీళ్లు పొయ్యాలి, ఎన్ని చెంచాలు, ఏ మొక్కని ఏ వైపు తిప్పాలి. అతను ఏం తినాలన్నది మాత్రం వినబడలేదు.

ఆ సాయంత్రం గెన్నాదీ కిటికీ తెరిచాడు. కొంచెం సేపే, ఊపిరి పీల్చుకుందామని. ఎన్నాళ్లకో మంచి గాలి తగిలేసరికి కుర్చీలోనే నిద్రపట్టేసింది. తెల్లారేసరికి నారంతా ఉడికించిన పాలకూరలా కప్పుల అంచుల మీద వాలిపోయింది.

తిరిగొచ్చిన క్లావ్దియా అరుస్తుందనుకున్నాం. అరవలేదు. సంచీ కూడా దింపకుండా మెట్ల మీద కూలబడి ఏడ్చింది. "మా అమ్మ పోయినప్పుడు కూడా ఇలా అనిపించలేదే" అంది నాతో. అబద్ధమెందుకు, నాకు నిజంగా జాలేసింది. నా నడుం కూడా కాసేపు ఆవిడ దుంపల సంగతి మర్చిపోయింది.

అప్పుడు పైనుంచి జోయా మామ్మ గొంతు వినబడింది. "ఏడ్చింది చాల్లే క్లావా, పైకి రా. నీ మొగుణ్ణి కూడా తీసుకురా, మొయ్యాలి."

వెళ్లాం. నన్ను పిలవలేదు, నేనూ వెళ్లాను. ఇంకో ఇద్దరు ముగ్గురు వెనకాల వచ్చారు. మామ్మ వంటింటి కిటికీలో, బంగాళదుంప ఆకుల్లాంటి వెడల్పాటి ఆకులతో నారు నిగనిగలాడుతూ ఉంది. క్లావ్దియా ఆకుని ముట్టుకుంది, వేళ్లు వాసన చూసుకుంది. మొహం ఎర్రబడింది.

"ఇది నాది! నీకెక్కడిది?"

"ముందటేడు మీ ఆయన పుట్టినరోజుకి పెట్టావుగా. ఒక ముక్క బుగ్గన పెట్టుకుని ఇంటికొచ్చేశాను."

"దొంగతనం!"

"అవును తల్లీ. దొంగిలించిన మొక్క బాగా బతుకుతుందని నువ్వే చెప్తావుగా." మామ్మ పెట్టె నిండా మొక్కలు సర్ది గెన్నాదీ చేతుల్లో పెట్టింది. "మీ అమ్మ రకం నీకు ఇస్తున్నా, తీసుకో. థాంక్స్ అనకు, చచ్చిపోతాయి. మన మధ్య థాంక్స్ ఏమిటే? శనివారం మా తోటకి రా, బంగాళదుంపలు నాటాలి. పార మాత్రం నీదే తెచ్చుకో."

మేము నవ్వు ఆపుకోలేక గోడల వైపు తిరిగాం. క్లావ్దియా పెదాలు బిగించి నిలబడింది. పార భుజాన వేసుకుని ఇంకొకరి తోటలోకి నడవడం ఆవిడ కళ్లముందు కదులుతున్నట్టే ఉంది. కానీ చేతికొచ్చిన రకాన్ని వదులుకోలేదు.

అప్పుడు గెన్నాదీ, పెట్టె పొట్టకి ఆనించుకుని, స్పష్టంగా అన్నాడు. "చాలా థాంక్స్ జోయా మామ్మా."

వంటింట్లో అందరం క్లావ్దియా వైపు తిరిగాం.

"నిజంగా, చాలా చాలా థాంక్స్" అన్నాడు మళ్లీ, ఎవరికైనా వినబడలేదేమోనని.

"చంపేశావ్!" క్లావ్దియా కేక కింద వీధిలోకి వినబడి ఉంటుంది. "ఒకసారి చంపింది చాలక మళ్లీ చంపేశావ్!"

జోయా మామ్మ కళ్లజోడు తీసి తుడుచుకుంది. "అయితే లెక్క సరిపోయింది క్లావా. శనివారం రానక్కర్లేదు." గెన్నాదీ ఏమీ ఎరగనట్టు పెట్టె మోసుకుని మెట్లు దిగాడు. కావాలనే అన్నాడా, మర్యాదకే అన్నాడా అని మేము ఇప్పటికీ వాదించుకుంటున్నాం.

ఆ వేసవంతా క్లావ్దియా ఆ మొక్కలు ఎప్పుడు చస్తాయా అని రోజూ పొద్దున్నే వెళ్లి చూసింది. చావవేం! ఊతకర్రలు విరిగేలా కాశాయి. మా బిల్డింగులో వాళ్ల తోటలన్నీ ఊరి బయట పక్కపక్కనే కాబట్టి, ఆవిడ కంచె దగ్గర ఆగకుండా ఎవరూ వెళ్లలేదు.

"థాంక్స్ అన్నా బాగానే కాశాయే క్లావ్దియా పెత్రోవ్నా!" అన్నాను, ఉండబట్టలేక.

"అన్నది మా గెన్నాదీ కదా" అంది ఆవిడ తల తిప్పకుండా. "ఆయన మాటకి ఇంట్లోనే విలువ లేదు, మొక్కలేం లెక్కచేస్తాయి?"

కాయ మాత్రం ఒకటి కూడా ఇవ్వలేదు.

మళ్లీ మే వచ్చింది. యథాప్రకారం క్లావ్దియా పెరుగు కప్పులో పీల మొక్క పట్టుకుని నా తలుపు తట్టింది. గులాబీది కాదు, మామూలుదే. ఆవిడ నోరు తెరిచేలోగా నేను తెరిచాను.

"థాంక్స్ క్లావ్దియా పెత్రోవ్నా!" అన్నాను, అయిదంతస్తులకీ వినబడేలా.

ఆవిడ మొహం పాలిపోయింది. పై అంతస్తుకి వెళ్లింది. అక్కడా "థాంక్స్!" అని వినబడింది, వెంటనే తలుపు మూసిన చప్పుడు. ఎదురింట్లో "థాంక్సండీ!" కింద ఇంట్లో మొగుడూ పెళ్లాం ఇద్దరూ కలిసి అన్నారు. శనివారం తోటకెళ్లే బస్టాపులో ఆవిడా గెన్నాదీ ఇద్దరే నిలబడ్డారట. అతను మాత్రం హాయిగా గాలి పీలుస్తున్నాడట.

నాకిచ్చిన మొక్క వారం తిరక్కుండా చచ్చింది. చస్తే చావనీ. ఆ శనివారం నేను పదింటి దాకా పడుకున్నాను.