నెవెనా తల మాట్లాడిన ఇంగ్లీషు

బల్గేరియా కొండల్లోని ఆ చిన్న ఊళ్ళో అవునంటే తల అడ్డంగా ఊపుతారు, కాదంటే నిలువుగా. దానివల్ల ఎవరికీ ఏ ఇబ్బందీ రాలేదు, నెవెనా ఇంగ్లీషు నేర్చుకోవడానికి పూనుకునేదాకా.

చెక్కపనివాళ్ళ పాత ఇల్లు చూడ్డానికి ఆ ఊరికి విదేశీయులు వస్తుంటారు. వాళ్ళకు ఇల్లు తిప్పి చూపిస్తూ ఇంగ్లీషులో చెప్పే మనిషి కావాలని ఆ ఇల్లు చూసుకునేవాళ్ళు అన్నారు. ఆ ఇంటి లోకప్పు మీద చెక్కిన సూర్యుడు నెవెనా ముత్తాత చేతిపని. దాని గురించి ఎవరో పరాయివాళ్ళు చెబుతుంటే తాను వంటింట్లో కూర్చుని మిరపకాయలు కాల్చుకోవడం ఆమెకు బొత్తిగా నచ్చలేదు.

ఆ ఏడు పట్టిన మిరప పచ్చడి సీసాలన్నిటి మీదా చీటీలు వెలిశాయి. పైన ఇంగ్లీషు మాట, కింద దాన్ని పలికే తీరు తన లిపిలో, ఆ కింద అర్థం. సీసా ఖాళీ అయ్యేలోగా మాట నోటికి రావాలి. 'థర్స్టీ' దగ్గర నాలుక పళ్ళ మధ్య పెట్టి అవస్థ పడుతుంటే భర్త ద్రాగోమీర్ రొట్టె తుంచడం ఆపి చూశాడు.

"నన్ను వెక్కిరించడానికి ఇన్నేళ్ళు ఆగావా?"

"వెక్కిరింత కాదయ్యా, దాహం."

"దాహమైతే నీళ్ళు తాగు. నాలుక ఆరబెడితే తీరుతుందా?"

మాటలైతే దారికొచ్చాయి గాని తల మొండికేసింది. ఇంగ్లీషువాళ్ళు అవునంటే నిలువుగా ఊపుతారని ఊరి బడి పంతులమ్మ చెప్పింది. నెవెనా అద్దం ముందు సాధన చేసింది. అలవాటు పడాలని ఇంట్లోనూ అలాగే ఊపింది. చారు ఇంకా ఉందా అని ద్రాగోమీర్ అడిగితే నిలువుగా ఊపింది. లేదనుకుని అతను అర్ధాకలితో లేచాడు. మర్నాడు గిన్నెలో చారు చూసి, "నీ ఇంగ్లీషు నా పొట్ట కొడుతోంది," అన్నాడు.

ఆ పనికి పరీక్ష పెట్టడానికి ఇంగ్లండు నుంచి పెంబర్టన్ అనే పెద్దమనిషి వచ్చాడు. ఆయన ఒక బొమ్మ చూపించి మాట చెబుతాడు. అది సరో కాదో తేల్చాక దాని గురించి మాట్లాడాలి. మొదటి బొమ్మ ముత్తాత సూర్యుడే.

"ఇది సీలింగేనా?"

నెవెనా శ్రద్ధగా తల నిలువుగా ఊపింది. ఆయన నొచ్చుకుంటూ కాగితం మీద ఇంటూ పెట్టాడు. రెండోది ఉలి.

"ఇది స్పూనేనా?"

తల అడ్డంగా ఊపింది. ఇంకో ఇంటూ.

నెవెనా ఆ రెండు ఇంటూలూ చూసింది. ఉలికీ చెంచాకీ తేడా తెలియని ఆడదాన్ని ఆ ఇంటి గడప ఎవరు తొక్కనిస్తారు? అంతలో ఆయా వచ్చి కాఫీ కావాలా అని అడిగింది. పెంబర్టన్ ఎంతో మర్యాదగా తల అడ్డంగా ఊపి కప్పు అందుకున్నాడు, అచ్చం ఊరివాడిలా.

నెవెనాకు విషయం అర్థమైంది. ఇంగ్లీషులోనే అడిగింది:

"అయ్యా, నా తల ఇంగ్లీషు మాట్లాడుతోంది. మీ తల బల్గేరియన్‌లో వింటోందా?"

పెంబర్టన్ కప్పు దించాడు. తన ఇంటూలు చూసుకుని చెవుల దాకా ఎర్రబడ్డాడు. "వచ్చిన దగ్గర్నుంచీ కష్టపడి నేర్చుకున్నానండీ."

"నేనూ అంతే. పాపం, రెండు తలలూ అలిసిపోయాయి. వాటినలా వదిలేసి నోటితో కానిద్దామా?"

గడ్డం కింద చెయ్యి ఆనించుకుని తలను కదలనివ్వకుండా మొదలుపెట్టింది. సీలింగ్, అంటే లోకప్పు. దీన్ని చెక్కింది మా ముత్తాత. ఇది ఉలి, స్పూను కాదు. దీంతో చారు తాగితే మూతి తెగుతుంది. పచ్చడి సీసాల మీది మాటలు ఒక్కొక్కటే, పలకాల్సిన తీరులో పలికి, వరసలో నిలబడ్డాయి. పెంబర్టన్ ఇంటూలు కొట్టేసి, కలం పక్కన పెట్టి వింటూ కూర్చున్నాడు.

"శనివారం నుంచి ఆ ఇంటికి రాగలరా?" అన్నాడు చివరికి.

నెవెనా తల దానంతటదే అడ్డంగా ఊగింది. ఈసారి ఆయన సరిగ్గానే అర్థం చేసుకున్నాడు.

ద్రాగోమీర్ గుమ్మంలోనే ఎదురొచ్చాడు. "ఆ పని వచ్చిందా?"

నెవెనా నిలువుగా ఊపింది. అతని మొహం వాడిపోయింది. "పోనీలే, వాళ్ళకేం తెలుసు," అంటూ ఆమె కోటు అందుకున్నాడు. ఆ ఓదార్పు ఇంకాస్త విందామని నెవెనా చారు వేడెక్కేదాకా నోరు విప్పలేదు.