ప్రేమ్‌చంద్ సార్ ఇంటి భాష

జనగామల రామచందర్ సేటు ఎరువుల దుకాణం మీది అంతస్తుల ఇటాలియన్ నేర్పుతరంటే మొదట్ల ఎవ్వలూ నమ్మలే. నమ్మకపోతే పాయె, బోర్డు మటుకు బస్టాండు దాక కనబడేటట్టు పెట్టిచ్చిండు సేటు. ఇటలీ దేశంల ముసలోళ్లను చూసుకునేతందుకు మనుషులు కావాల్నట, మాట వస్తే చాలు తీస్కపోతరట. బచ్చన్నపేట, స్టేషన్ ఘన్‌పూర్ దిక్కు తండాలకెల్లి ఆడోళ్లు పత్తి చేను పని ఇడిసిపెట్టి బస్సులెక్కి వస్తున్నరు. కింద యూరియా వాసన, మీద ఇటలీ ముచ్చట.

ఆ క్లాసుకు పంతులు ప్రేమ్‌చంద్. అబ్బో, ఏం పంతులు! హైదరాబాదుల భాషాశాస్త్రం చదివిండు, ఇటాలియన్ డిప్లొమా తెచ్చుకున్నడు, వాటితోపాటు ఒక కొత్త నోరు గూడ తెచ్చుకున్నడు. "రండి, కూర్చోండి, వచ్చేశారా అండీ" అని సాగదీసుకుంట మాట్లాడుతడు. ఎవలన్న "వచ్చినం సార్" అంటే పాచిపోయిన కూర వాసన తగిలినట్టు మొహం పెడ్తడు. మీదేవూరు సార్ అంటే "విజయవాడ వైపండి" అంటడు. విజయవాడనట! భూపాలపల్లి అవతల అడివంచు తండాల పుట్టిన లంబాడోడు, పదో తరగతి దాక యాడి చేతి జొన్నరొట్టె తిన్నోడు. యాడి అంటే వాళ్ల మాటల అమ్మ. ఆ మాట నోట్లకెల్లి వచ్చి ఎన్నేండ్లాయెనో. విజయవాడ వైపే మరి, మొహం అటు తిప్పి నిలబడితే.

ఎవలు గుర్తుపడ్తరులే అనుకున్నడు గని, మొదటి రోజే క్లాసుల తారి కూసొని ఉండె. తారి ఆయన పెద్దబాపు బిడ్డ. సంకలెత్తుకొని తండా అంత తిప్పిన అక్క. బచ్చన్నపేట దిక్కు తండాకిచ్చి చేస్తే ఇటే ఉండిపోయింది. లంబాడోళ్ల ఆడోళ్లు చానొద్దులకు అయినోళ్లను చూస్తే మెడ మీద పడి రాగం తీసి ఏడుస్తరు, వాళ్ల పలకరింపే గది. తారి గూడ తమ్ముణ్ణి చూసుడుతోనే చేతులు చాపుకుంట లేచింది. సార్ గారు తటాల్న ఎనుకకు జరిగి, "నమస్తే అండి, మీ పేరేమిటి?" అన్నడు. చాపిన చేతులు ఏం చెయ్యాల్నో తెల్వక తారి కొంగు సర్దుకున్నది.

క్లాసు అయినంక మెట్ల కాడ దొరకబట్టిండు. "అక్కా, నీ కాళ్లు మొక్కుత. నేనెవల్నో ఈడ చెప్పకు, నా ఇజ్జత్ పోతది" అన్నడు. అది గూడ తెలుగులనే, గుసగుసగ. తారికి కడుపుల మండింది. "మంచిది సార్. మీరెవలో, నేనెవలో" అని మెట్లు దిగి పోయింది.

ఇగ పాఠం సంగతి. ఇంటి మాట నోట్లకు వస్తే కొత్త మాట చెడిపోతదట. "దీన్ని మాతృభాషా జోక్యం అంటారండి" అని బోర్డు మీద రాసిండు. ఒకనాడు బుచ్చి అనే పిల్ల, పక్కామెను లంబాడీల ఏదో అర్థమడిగిందని, ఆ పూటంత తలుపు బయట నిలబెట్టిండు. "లిపి కూడా లేనిదాన్ని భాష అనరండి" అన్నడు పైకెల్లి. లిపి లేకున్నా భాష భాషేనని ఆయన చదివిన చదువుల మొదట్లనే చెప్తరు. పరీక్షల రాసి మార్కులు గూడ కొట్టిండు దొర. జనగామల బస్సు దిగుడుతోనే మర్చిపోయిండు.

ఇంత నటన దేనికంటే, బ్యాచీ ఎంబడి ఒక పంతుల్ని గూడ ఇటలీకి పంపుతరని సేటు చెప్పిండు. ఆడనే ఉండుడు, ఆడనే జీతం. ఆ ఒక్క నౌకరి మీద ప్రేమ్‌చంద్ పానం పెట్టుకున్నడు. దొరుకుతదో లేదో తెల్వకముందే సూటుకు కొలతలిచ్చిండు.

పోయే పంతుల్ని, ఆడోళ్లను ఎంచుకునేతందుకు ఇటలీకెల్లి లూచియా అనే పెద్దామె వచ్చింది. ఆమె గూడ ఒకప్పుడు పంతులమ్మనే, పరాయి దేశపోళ్లకు ఇటాలియన్ నేర్పి నేర్పి జుట్టు తెల్లబడింది. సేటు దండేస్తే తీసి పక్కన పెట్టి, చెప్పులిడిసి ఆడోళ్ల నడుమ చాప మీద కూసున్నది. సార్‌ను ఇటాలియన్‌ల అడిగింది, "వీళ్లు ఇండ్లల్ల ఏం మాట్లాడుకుంటరు?"

ప్రేమ్‌చంద్ రొమ్ము ఇరుచుకున్నడు. "ఏదో అడివి మాట మేడం, భాష అనలేం. నాకైతే ఒక్క ముక్క రాదు. క్లాసుల దాన్ని పలకనియ్యలే కూడా."

లూచియా మొహం వాడిపోయింది. "అయ్యో! తప్పు చేసినవ్. రెండు భాషలు వచ్చినోళ్లకు మూడోది అల్కగ వస్తది, ఇంటి మాట పట్టుకొనే ఎక్కాలె. అది ఒకటి. ఇంకోటి, పరాయి దేశంల జరమొచ్చినా, దుఃఖమొచ్చినా మనిషికి ఇంటి మాటే కావాలె. ఆ మాట తెలిసిన పంతుల్నే వీళ్లెంబడి పంపుదమనుకున్నం. నీకు రాదంటివి, ఇంకోళ్లను ఎతుక్కోవాలె."

చూడాలె అప్పుడు సార్ మొహం! నెత్తురు సుక్క లేదు. గంతే, ఇన్నేండ్ల విజయవాడ ఒక్క గడియల కొట్టుకపోయింది. "వస్తది మేడం! మంచిగ వస్తది! నేను గూడ లంబాడోన్నే, మాది భూపాలపల్లి అవతల తండా!" ఇటాలియన్ రాకున్నా లంబాడీ, భూపాలపల్లి అనే మాటలు చెవుల పడి రామచందర్ సేటు నోరు తెరిచిండు.

"ఇప్పుడే గదా రాదంటివి?" అన్నది లూచియా.

"కావాలంటే అడగండి, ఈమె మా అక్క!" అని తారిని చూపిచ్చిండు. ఆమె ముంగట మోకాళ్ల మీద కూసొని లంబాడీల బతిమిలాడవట్టె. అక్కా, ఒక్క మాట చెప్పు, నీ తమ్మున్నని చెప్పు, నా బతుకు నీ చేతుల ఉన్నది. ఎంత గలగల మాట్లాడిండంటే, ఆనాడు తలుపు బయట నిలబడ్డ బుచ్చి నోరెళ్లబెట్టింది.

తారి అంత ఇన్నది. ఇని, లంబాడీలనే నిమ్మళంగ చెప్పింది. "మన మాట నీకు వచ్చు. నా తమ్మునివే. కానీ నిన్ను మా ఎంబడి పంపొద్దని చెప్పు ఆమెకు. రేపు ఆడ మమ్ముల ఎవలన్న తిట్టినా, కొట్టినా, ఈ ఆడోళ్లెవరో నాకు తెలియదండి అంటవ్. జనగామల అన్నోనివి, ఇటలీల అనవా?"

ఆడోళ్లందరు తల వంచుకున్నరు. "ఏమంటున్నది?" అని అడిగింది లూచియా.

గక్కడ వచ్చింది చిక్కు. ఆ గదిల అటు లంబాడీ, ఇటు ఇటాలియన్ రెండూ తెలిసిన మనిషి ఒక్కడే. ఆ మనిషి గొంతు సవరించుకున్నడు. సిగ్గు, శరం అనేటియి ఉంటే కదా! "నా తమ్ముడే, వీడు ఎంబడి వస్తే నాకెంతో సంతోషం అంటున్నది మేడం" అన్నడు నవ్వుకుంట.

లూచియా గూడ నవ్వింది. కానీ పాతకాలపు పంతులమ్మ, చదువుకునేటోళ్ల నోటితోనే ఇనాలె ఆమెకు. తారి దిక్కు తిరిగి, చేత్తో ప్రేమ్‌చంద్‌ను చూపిస్తూ మెల్లగ అడిగింది. "ఫ్రతెల్లో?" తమ్ముడా అని. "కొంతెంత?" సంతోషమేనా అని. మొదటి పాఠాలల్ల మాటలే. తారికి తెల్సినయే. అయితే నిజం చెప్తే ఈ పెద్దామెకు కోపమొచ్చి తన సీటు పోతదేమో. ఇటలీ పోతేనే ఇంటి కష్టం తీరేది. తమ్ముడు కండ్లతోని బతిమిలాడుతనే ఉన్నడు.

"ఫ్రతెల్లో, సీ" అన్నది తారి. "కొంతెంత, నో."

తమ్ముడు అవును, సంతోషం కాదు. లూచియా నవ్వు ఆగిపోయింది. ప్రేమ్‌చంద్ దిక్కు ఒక చూపు చూసింది. "కొత్త సవాలుకు సొంత జవాబు చెప్పినవ్, నువ్వు పాసైనవ్" అని తారి చెయ్యి పట్టుకొని ఇటాలియన్‌ల అన్నది. తారికి అది అర్థం కాలే. లూచియా మళ్ల ప్రేమ్‌చంద్ దిక్కు తిరిగింది. "ఈ మాట ఆమెకు వాళ్ల భాషల చెప్పు. నీకు వస్తదంటివి గదా."

చెప్పిండు. అందరి ముంగట, లంబాడీల. ఈసారి ఉన్నదున్నట్టే చెప్పిండు.