ఏకబిగిన చదివించే పుస్తకం

ఆయన పుస్తకాన్ని వెనక్కి తిప్పాడు. వెనక అట్ట మీద రచయిత ఫొటో, దాని కింద రచయిత గురించి రచయితే రాసుకున్న నాలుగు మంచి మాటలు. అవి చదివి, విషయసూచిక చూసి, ముందుమాటలో మొదటి పేరా, మధ్యలో ఒక పేజీ, చివర్లో ఒక పేజీ చదివి పెన్ను మూత తీశాడు. కోళ్ల పెంపకం మీద పుస్తకం. 'ప్రతి ఇంటా ఉండవలసినది' అని రాసి, కోళ్లు లేని ఇళ్లు గుర్తొచ్చి 'ఉండదగినది' అని దిద్దాడు. నిజాయితీ విషయంలో ఆయనకూ కొన్ని పట్టింపులున్నాయి.

వారపత్రికలో 'కొత్త పుస్తకాలు' పేజీ ఆయనది. వారానికి ఆరు పుస్తకాలు, ఒక్కోదానికి ఎనభై మాటలు. ఇరవై ఆరేళ్లుగా అదే పని. ఆఫీసులో అందరూ ఆయన్ని 'ఎనభై మాటలాయన' అంటారు, ఆయన లేనప్పుడు. కవిత్వమైతే ఆర్ద్రత ఉంటుంది. చరిత్రయితే భావి పరిశోధకులకు కరదీపిక. కథైనా, నవలైనా, జీవితకథైనా ఏకబిగిన చదివిస్తుంది. ఏదైనా సరే, అచ్చుతప్పులను మలి ముద్రణలో సవరించుకోవాలి. ఆ ఒక్క వాక్యం మాత్రం ఎన్నడూ అబద్ధం కాలేదు.

ఈ ఉదయం కోళ్ల దగ్గరే కలం ఆగిపోయింది. ఛాతీ మీద ఎవరో పీట వేసుకుని కూర్చున్నట్టుంది.

"గ్యాసై ఉంటుంది. వద్దన్నా రాత్రి రెండోసారి వడ్డించుకున్నారు" అంది భార్య వంటింట్లోంచి.

గ్యాసు కాదని ఆయనకు తెలుసు. అది నిన్నటి ఫోను. రిటైరైన నర్సమ్మ ఒకావిడ ఆఫీసుకు ఫోన్ చేసి, కొత్త పుస్తకాలాయన పుస్తకం ఒకటి తన దగ్గరుందనీ, రేపు నాలుగింటికి స్వయంగా తెచ్చిస్తాననీ టైపిస్టుతో చెప్పిందట. టైపిస్టు ఈ మాట నవ్వుతూ చెప్పింది. ఆయనకు మాత్రం అప్పటినుంచి అన్నం సహించలేదు. రెండోసారి వడ్డించుకున్నది కూడా కంగారులోనే.

సమీక్షకు రెండు ప్రతులు పంపాలని పత్రిక నియమం. ఒకటి ఆఫీసు బీరువాకు, ఒకటి ఆయనకు. ఆయనవి మంచం కింద చేరతాయి. చీపురు దూరే సందు కూడా లేకుండా పోయిననాడు భార్య వాటిని సంచుల్లో కట్టి, కాలిబాట మీద పాత పుస్తకాలు అమ్మే అతనికి పంపించేస్తుంది. అంతకుముందే ఆయన ఒక్కో పుస్తకం తీసి, 'గౌరవనీయులైన' అంటూ రచయిత సంతకం చేసిన మొదటి కాగితాన్ని స్టీలు స్కేలు ఆనించి శుభ్రంగా చింపేస్తాడు. ఆ కాగితాలను ఆవిడ అలమరాలో డబ్బాల కింద పరుస్తుంది. వంటింట్లో ఎటు చూసినా గౌరవమే.

పోయిన నెల జ్వరం వచ్చి ఆ పని కుదరలేదు. ఆవిడ సంచులు పంపేసింది.

ఆఫీసులో తన కుర్చీకి ఎదురుగా ఎడిటరు గది తలుపు. ఇంకొక్క ఫిర్యాదు వచ్చినా ఆ పేజీ తీసేసి వారఫలాలు పెంచుతానని ఎడిటరు ఉగాది పంచాంగమంత గంభీరంగా ఎప్పుడో చెప్పి ఉన్నాడు. ఆ పేజీ పోతే తను ఎవరు? వీధిలో జనం దారిచ్చేది అన్ని పుస్తకాలూ చదివిన మనిషికే.

మూడింటికి ఉండబట్టలేక బీరువాలోంచి నర్సమ్మ రాసిన పుస్తకం రెండో ప్రతి తీశాడు. 'వార్డులో నలభై ఏళ్లు'. తను రాసింది నోటికొచ్చు: 'ఏకబిగిన చదివించే పుస్తకం. తొలి సూది, చివరి మంచం, గ్యాసే అనుకున్నవాళ్లు వంటి అధ్యాయాలు మనసును తాకుతాయి.' పేజీలు తిప్పాడు. పదహారు దాకా తిరిగాయి. ఆ తర్వాత తిరగలేదు. ప్రెస్సువాళ్లు పై అంచు కత్తిరించలేదు. చివరి నాలుగు కాగితాలు తప్ప, మడతలన్నీ కలిసే ఉన్నాయి. కోస్తే తప్ప ఈ పుస్తకం మానవమాత్రుడు చదవలేడు. ఆ రోజు మధ్య పేజీ తెరుచుకోకపోతే, తొందరలో ముందుమాటే రెండుసార్లు చదివినట్టు ఇప్పుడు గుర్తొచ్చింది.

ఆయన చొక్కా వీపుకు అతుక్కుపోయింది.

నర్సమ్మ సరిగ్గా నాలుగింటికి వచ్చింది. పొట్టి మనిషి, తెల్లటి జుట్టు, మెడలో తాడుకు వేలాడే కళ్లద్దాలు. సంచిలోంచి పుస్తకం తీసి బల్ల మీద పెట్టింది. మొదటి పేజీలో ఆయన పేరు, 'గౌరవనీయులైన' తో సహా.

"కాలిబాట మీద దొరికింది" అంది. "ఏకబిగిన చదివిస్తుందని రాశారు కదా. మా చెల్లెలు ఆ ముక్క కత్తిరించి ఫ్రేము కట్టించింది." కలిసి ఉన్న మడతను వేలితో మెల్లగా మీటింది. "కొయ్యకుండా ఎలా చదివారో కనుక్కుందామని వచ్చాను. ఎక్స్‌రే తీశారా?"

అప్పుడే ఎడిటరు గది తలుపు తెరుచుకుంది. ఎడిటరు బయటికొచ్చి, ఏమిటి విషయమని అడిగాడు. ఇరవై ఆరేళ్లూ ఆ ఒక్క క్షణంలో బల్ల మీదికొచ్చి కూర్చున్నాయి.

"ఏం లేదండీ. సారు పుస్తకం ఎక్కడో పారేసుకున్నారు. ఇచ్చిపోదామని" అంది నర్సమ్మ. ఎడిటరు తలూపి వెళ్లిపోయాడు.

ఆవిడ గొంతు తగ్గించింది. "మాత్ర మింగేశామని చెప్పి దిండు కింద దాచేవాళ్లని నలభై ఏళ్లు చూశాను. ఒక్కర్నీ తిట్టలేదు. మీరూ మింగండి, అంతే." లేవబోయి ఆగి, ఆయన నుదుటివైపు చూసింది. "ఆ చెమటలేంటి?"

"గ్యాసు, అమ్మా."

"ఇవాళే డాక్టరుకు చూపించుకోండి. రేపు కాదు. పదకొండో అధ్యాయం ముందు చదవండి."

"అలాగేనమ్మా" అన్నాడు, మాత్ర దిండు కింద పెట్టినంత వినయంగా.

పేజీ దక్కింది. అయినా ఇంటికి నడుస్తుంటే రెండుచోట్ల ఆగాల్సి వచ్చింది. డాక్టరు బోర్డు దాటుతూ, మొదట పుస్తకం, తర్వాతే ఏదైనా, అనుకున్నాడు. పదకొండుతో మొదలుపెట్టమన్నమాట గుర్తుంది. కానీ ఇన్నేళ్లూ మధ్యలోకి దూకి చదివిన మనిషి, ఇవాళ మొదటి పేజీనుంచి ఒక్క వాక్యం కూడా దాటనని తనకు తనే ఒట్టేసుకున్నాడు.

దీపాలు వేసే వేళకు కుర్చీలో కూర్చుని స్కేలు పట్టుకున్నాడు. మడతలో దూర్చి లాగితే సర్రుమని కాగితం విడిపోతుంది. వంటింట్లో భార్యకు ఆ చప్పుడు వినిపిస్తూనే ఉంది. సర్రు, కాసేపు నిశ్శబ్దం, మళ్లీ సర్రు. మధ్యలో ఒకసారి ఆయన నవ్వు. ఆవిడ గరిటె ఆపి విన్నది. పుస్తకం చదువుతూ ఈయన నవ్వడం కాపురానికొచ్చాక ఇదే వినడం.

"ఏమోయ్, ఈవిడ నిజంగా బాగా రాసింది" అన్నాడు.

"ఎనభై మాటలేనా?"

"చాలవు. రేపు ఎడిటర్ని అడుగుతాను."

మరో రెండు సర్రులు వినిపించాయి. ఆ తర్వాత చాలాసేపు ఏమీ వినిపించలేదు. ఎంత లీనమైపోయాడో అనుకుని ఆవిడ పిలవలేదు. కూర చల్లారుతోందని రెండుసార్లు మూత పెట్టి, తీసి, చివరికి తనే వచ్చింది. కళ్లద్దాలు ముక్కు మీదికి జారి ఉన్నాయి. నిద్రపోయాడనుకుని, మెడ పట్టేస్తుందండీ అంటూ తల సరిచేయబోయింది. చెయ్యి అక్కడే ఆగిపోయింది.

తర్వాత ఎవరెవరో వచ్చారు, కుర్చీలు జరిపారు. ఒడిలో పుస్తకాన్ని ఎవరో తీసి కిటికీలో పెట్టారు. నూట నలభై నాలుగో పేజీ దాకా అంచులన్నీ శుభ్రంగా కోసి ఉన్నాయి. పదకొండో అధ్యాయం, 'గ్యాసే అనుకున్నవాళ్లు', మడత మాత్రం విడలేదు. అందులోకి సగం దూరి, స్టీలు స్కేలు అలాగే నిలబడి ఉంది.